మిల్లర్స్ రోడ్డు, స్టెన్సిల్ ఇంకు, ఆసియా థియాలజీ

బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్లో దిగి, ఆటో డబ్బులు మిగుల్చుకుందామని పెట్టె భుజాన వేసుకుని మిల్లర్స్ రోడ్డుకి నడిచి వచ్చిన తెలుగు థియాలజీ (క్రైస్తవ దైవశాస్త్రం) విద్యార్థులు కొన్ని తరాల వాళ్ళున్నారు. 1910లో మొదలైన యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, మనందరి నోట్లో యూటీసీ, ఉన్నది ఆ రోడ్డు మీదే. హైదరాబాద్ ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బీడీ, అంటే దైవశాస్త్రంలో డిగ్రీ, చదివి, దాని పై చదువైన ఎంటీహెచ్ కోసం ఇక్కడికొచ్చేవాళ్ళు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు బాప్తిస్టులు, దోర్నకల్, కృష్ణా ప్రాంతాల సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు. ఊళ్ళో ఒకరి గుడి గుమ్మం ఇంకొకరు తొక్కని వాళ్ళు కూడా ఇక్కడ ఒకే మెస్సులో పక్కపక్కన కూర్చుని, అదే నీళ్ళ సాంబారుని కలిసి తిట్టుకునేవాళ్ళు. ఆ బల్లకే అప్పుడప్పుడు ఒక కొరియా ప్రొఫెసరో, ఇండోనేషియా పాస్టరో, శ్రీలంక మెథడిస్టో వచ్చి చేరేవారు. ఆసియా దేశాల క్రైస్తవ పండితులు కలిసి పనిచేయడం అనే పెద్ద మాట మనవాళ్ళకి మొదట పరిచయమైంది అలాగే.

అదే రోడ్డులో 1957లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది స్టడీ ఆఫ్ రెలిజియన్ అండ్ సొసైటీ మొదలైంది. మొదటి డైరెక్టర్ పి. డి. దేవనందన్, ఆయన తర్వాత ఎం. ఎం. థామస్. థామస్ గారు 1968 నుంచి 1975 దాకా ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కేంద్ర కమిటీకి మోడరేటర్‌గా ఉన్నారు, తర్వాత 1990లో నాగాలాండ్ గవర్నర్ అయ్యారు. యూటీసీ ప్రిన్సిపాల్ రస్సెల్ చంద్రన్ ఇంకోపక్క. ఊరి అవతల వైట్‌ఫీల్డ్‌లో 1963 నుంచి ఎక్యుమెనికల్ క్రిస్టియన్ సెంటర్. కాథలిక్కుల వైపు 1967లో అమలోర్‌పవదాస్ ఫాదర్ మొదలుపెట్టిన జాతీయ బైబిల్, బోధన, ఆరాధన కేంద్రం, ఎన్‌బీసీఎల్‌సీ. జెనీవాలో ఆ ప్రపంచ మండలి మతాంతర సంభాషణల విభాగం నడిపిన స్టాన్లీ సమర్థా కూడా రిటైరై ఇక్కడే స్థిరపడ్డారు. మనిషి కావాలంటే ఉత్తరం రాసి ఎదురుచూడక్కర్లేదు, సాయంత్రం వెళ్ళి తలుపు కొడితే చాలు. ఆసియాలో ఇంకే ఊళ్ళోనైనా ఇంతమంది ఇంత దగ్గరగా ఉన్నారా అంటే అనుమానమే.

అయినా ఒక చిక్కు ఉండేది. సోల్‌లో ఒకాయన రాసింది బెంగళూరులో చదవాలంటే ఆ పుస్తకం న్యూయార్క్ రాష్ట్రంలోనో లండన్‌లోనో అచ్చయి రావాలి. తైవాన్ నుంచి సి. ఎస్. సాంగ్ అయినా, థాయిలాండ్‌లో పాఠాలు చెప్పిన జపాన్ మనిషి కోసుకే కోయామా అయినా మన చేతికి అందింది అమెరికా, ఇంగ్లండ్ ప్రచురణకర్తల ద్వారానే. ఓడ టపాలో రెండు మూడు నెలలు, డాలర్ ధర, దాని మీద రిజర్వు బ్యాంకు లెక్క. పక్కింటివాళ్ళ మాట ఊరంతా తిరిగి మన గుమ్మానికి వచ్చినట్టుండేది. దీనికి కారణాలు డబ్బులోనే ఉన్నాయి. 1958లో మొదలైన థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్ 40 లక్షల డాలర్లతో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సెమినరీల లైబ్రరీలు నింపింది. మంచి పనే. కానీ అలా కొనే పుస్తకాల్లో ఎక్కువ భాగం పడమటి దేశాలవే. అదే ఫండ్ 1972కి వచ్చేసరికి, తైవాన్ వాడైన షోకీ కో నాయకత్వంలో, స్థానిక పరిస్థితి నుంచే దైవశాస్త్రం పుట్టాలని చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి బీరువాలు నిండిపోయి ఉన్నాయి.

ఆ చుట్టుదారిని తగ్గించడానికి జరిగిన చిల్లర పనే అసలైన సహకారమని ఆ రోజులు చూసినవాళ్ళకి తెలుసు. మహాసభల ఉపన్యాసాలు పుస్తకాల్లోకి ఎక్కాయి. స్టెన్సిళ్ళు కోసినవాళ్ళు, వీసా ఫారాలు నింపినవాళ్ళు, పత్రికలు మార్పిడికి కట్టలు కట్టినవాళ్ళు ఎక్కడా ఎక్కలేదు. ఇక్కడ రాస్తున్నది ఆ రెండో రకం పని గురించి.

ముందు కాస్త పాత సంగతి. మన మద్రాసు లేకుండా ఈ చరిత్ర చెప్పలేం. 1938లో తాంబరంలో, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ కొత్త ప్రాంగణంలో, అంతర్జాతీయ మిషనరీ మండలి సమావేశం జరిగింది. దానికోసం డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక లావుపాటి పుస్తకం రాశాడు. దానికి ఎదురుగా అదే సంవత్సరం మద్రాసులో కొందరు భారతీయులు తమ పుస్తకం వేశారు. అందులో ముఖ్యమైన గొంతు మన నెల్లూరు మనిషిది, పండిపెద్ది చెంచయ్య గారిది. పాస్టరు కాదు, ప్రొఫెసరు కాదు, పుదుక్కోట సంస్థానంలో చీఫ్ జడ్జి. తర్వాత 1957లో ఇండోనేషియాలోని ప్రాపాట్‌లో ఆసియా సంఘాలు కలిసి నిర్ణయం తీసుకుని, 1959లో కౌలాలంపూర్‌లో ఈస్ట్ ఏషియా క్రిస్టియన్ కాన్ఫరెన్స్‌ని స్థాపించాయి. మొదటి ప్రధాన కార్యదర్శి శ్రీలంక తమిళుడు డి. టి. నైల్స్. 1973లో దాని పేరు క్రిస్టియన్ కాన్ఫరెన్స్ ఆఫ్ ఏషియా, సీసీఏ, అయింది. 1981లో సీసీఏ ఏడో మహాసభ బెంగళూరులోనే జరిగింది.

ఇక పనిలోకి వద్దాం. ఒక మాదిరి కన్సల్టేషన్, అంటే పండితుల చర్చా సభ, అంటే 30 మంది, ఐదు రోజులు, 15 పేపర్లు. వినడానికి చిన్నదే. దానికి ఏడాది ముందే ఉత్తరాలు మొదలవ్వాలి. ఏరోగ్రామ్ లోపల ఏదీ పెట్టకూడదు కాబట్టి ఆహ్వానం ఒకటి, వీసాకి చూపించే అధికారిక పత్రం వేరే కవర్లో ఇంకొకటి. 1976లో విదేశీ విరాళాల చట్టం వచ్చాక ఒక్కో రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి. విదేశీ ప్రతినిధులుంటే ఢిల్లీ హోం శాఖ అనుమతి కావాలి. టూరిస్టు వీసా మీద వచ్చి సభలో పేపరు చదివితే చిక్కు. ఆరు నెలల ముందు పేర్లు పంపకపోతే అనుమతి వచ్చేసరికి సభ ముగిసిపోతుంది. తైవాన్‌తో మన దేశానికి దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఆ ప్రతినిధి వీసా ఎప్పుడూ ఆఖర్న తేలేది. పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్ళకి ఊరి పేరు రాసిన వీసా, దిగగానే పోలీసు రిపోర్టు. అందుకని వాళ్ళు వచ్చిన రోజే ఎవరో ఒకరు ఇన్‌ఫాంట్రీ రోడ్డు కమిషనర్ ఆఫీసుకి వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఈ పనికి ఓపికున్న మనిషిని వేరుగా పెట్టాలి, ప్రోగ్రాం కార్యదర్శికి అంటగడితే రెండూ చెడతాయి. బర్మా వాళ్ళ సంగతి ఇంకా కష్టం. 1962 సైనిక పాలన తర్వాత ఆ దేశపు తలుపులు మూసుకున్నాయి, 1966కి విదేశీ మిషనరీలంతా వెళ్ళిపోవాల్సి వచ్చింది, స్థానిక పండితులకి బయటికి రావడమే గండం. వాళ్ళ కుర్చీ ఖాళీగా ఉంటుందని తెలిసినా ప్రోగ్రాంలో పేరు వేసేవాళ్ళు.

మనవాళ్ళు బయటికి వెళ్ళడం ఇంతకంటే సులువేం కాదు. విదేశీ ప్రయాణానికి పీ ఫారం అనే అనుమతి పత్రం ఉన్న కాలంలో రిజర్వు బ్యాంకు ముద్ర లేనిదే టికెట్ ఇచ్చేవాళ్ళు కారు, జేబులో పెట్టుకోవడానికి 8 డాలర్లు. మనిలాలోనో హాంకాంగ్‌లోనో విమానం తప్పిపోతే ఆ 8 డాలర్లతో ఏం చేస్తారు? అందుకే ఆహ్వాన పత్రంలో భోజనం, బస, విమానాశ్రయం నుంచి రవాణా అన్నీ ఆతిథ్య సంస్థే చూసుకుంటుందని ఒక వాక్యం తప్పకుండా రాయించుకునేవాళ్ళు. ఆ వాక్యం లేని ఆహ్వానం పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళడం దండగ.

పేపర్లకి గడువు మూడు నెలల ముందు. అది కాగితం మీద మాట. సగం పేపర్లు మొదటి రోజు సాయంత్రం రచయిత సూట్‌కేసులోనే దిగేవి. అప్పుడు మొదలయ్యేది స్టెన్సిల్ గది రాత్రి డ్యూటీ.

ఈ తరానికి స్టెన్సిల్ తెలీదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మైనం పూసిన పల్చటి కాగితం, దాని వెనక గట్టి బ్యాకింగ్ షీటు. టైప్‌రైటర్ మీద రిబ్బన్ మీటని తెల్ల చుక్క దగ్గరికి తిప్పితే రిబ్బన్ పైకి లేవదు, ఉత్త లోహపు అచ్చు మైనాన్ని చీలుస్తుంది. డూప్లికేటర్ మీద ఆ చీలికల్లోంచి ఇంకు దిగి కాపీలు పడతాయి. ముందు అచ్చుల్లోని మురికిని బ్రష్షుతో తుడవాలి, లేకపోతే అక్షరం సగమే తెగుతుంది. మెల్లగా కొడితే ప్రింటు వెలిసిపోయినట్టొస్తుంది. గట్టిగా కొడితే ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం మధ్య ముక్క ఊడిపోయి ప్రతి కాపీలో నల్లటి బొట్టు పడుతుంది. తప్పు పడితే కరెక్షన్ ఫ్లూయిడ్ పూసి, పూర్తిగా ఆరాక మళ్ళీ కొట్టాలి. ఆరకముందే కొడితే అక్కడ చిరుగే. శూన్యత, నిర్వాణం లాంటి మాటల మీద గీతలు, వియత్నాం పేర్ల మీద గుర్తులు ఆ టైప్‌రైటర్లో లేవు. వాటిని స్టైలస్‌తో చేత్తో పెట్టాలి. తెలుగు కీర్తన వేయాలంటే మొత్తం స్టైలస్ రాతే. మన అక్షరాల గుండ్రాలు పూర్తిగా కలిపితే లోపలి ముక్క ఊడుతుంది కాబట్టి వెంట్రుకవాసి ఖాళీ వదిలి రాసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఉన్నవాళ్ళు ఏ బ్యాచ్‌లోనైనా ఒకరిద్దరే. వాళ్ళకి మిగతా డ్యూటీలు వేసేవాళ్ళు కాదు.

లెక్క చూడండి. ఒక్కో పేపరు పది పేజీలు, ప్రతినిధులకి 30, లైబ్రరీలకీ రాలేనివాళ్ళకీ కలిపి ఇంకో 20, మొత్తం 50 కాపీలు. 15 పేపర్లకి 150 స్టెన్సిళ్ళు, 7,500 షీట్లు, అంటే 15 రీములు, పాడయ్యేవాటికి ఇంకో రీము. నున్నటి బాండ్ కాగితం పనికిరాదు, ఇంకు పీల్చుకోదు, పై షీటు వెనకకి అంటుకుంటుంది. కొంచెం గరుకుగా ఉండే డూప్లికేటింగ్ కాగితమే వాడాలి. వానాకాలం సభయితే కాగితం తేమ పట్టి రెండేసి షీట్లు ఒకేసారి లాగేసుకుంటుంది. దానికి మందు, రీము విప్పి రెండు చివరలా పట్టుకుని విసనకర్రలా విదిలించి, ఆఫీసు బల్బు కింద కాసేపు పెట్టడం. తర్వాత పది కుప్పలు పొడుగు బల్ల మీద పేర్చి, నలుగురు ఒకరి వెనక ఒకరు బల్ల చుట్టూ తిరుగుతూ ఏరుకుని పిన్ను కొట్టడం. ఆ ప్రదక్షిణల్లోనే చాలామంది విద్యార్థులకి ఆసియా థియాలజీ మొదటి వాక్యాలు కంటపడ్డాయి. క్లాసులో చెప్పిన స్విస్ పండితుడు కార్ల్ బార్త్ కంటే ఆరో పేజీలో కనిపించిన పాలి సూక్తం ఎక్కువ గుర్తుండిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇంగ్లిష్ దిద్దడం ఒక సున్నితమైన సంగతి. ఇండోనేషియా పేపరు, కొరియా పేపరు వాళ్ళ వాళ్ళ భాషల నడకలో వచ్చేవి. మనవాళ్ళలో కొందరికి సెమినరీ ఇంగ్లిష్ మీద మోజు ఎక్కువ. దిద్దీ దిద్దీ నున్నగా చేసి, ఆఖరికి ఎవరు రాశారో తెలీకుండా చేసేవాళ్ళు. పాత సంపాదకులు పెట్టుకున్న పద్ధతి మంచిది. అర్థం మారే చోటే దిద్దు, మిగతాది వదిలెయ్, అనుమానమొస్తే రాసినాయన్ని టీ దగ్గర పట్టుకుని అడుగు.

సభలో 20 నిమిషాలు పేపరు, వేరే దేశం మనిషి స్పందన 10 నిమిషాలు, అరగంట చర్చ. అదే దేశం మనిషి స్పందిస్తే పాత గొడవలు బయటికొస్తాయి, అందుకే వేరే దేశం. అనువాదకుడు పక్కన నిలబడి వాక్యానికి వాక్యం చెబితే 20 నిమిషాలు 40 అవుతాయి. ప్రోగ్రాం వేసేటప్పుడు ఇది మర్చిపోతే మొదటి రోజు మధ్యాహ్నానికే టైంటేబుల్ చిత్తవుతుంది, బలయ్యేది ఎప్పుడూ ఆఖరి పేపరే. ఆ ఆఖరి పేపరు చాలాసార్లు ఒక యువకుడిదో ఒక మహిళదో అయ్యేది, అది కాకతాళీయమని నమ్మడం కష్టం.

వంటగదికి కూడా పేపరంత ప్రాముఖ్యం ఉంది. జపాన్ వాళ్ళకి కారం లేని కూర, ఉప్పు వేయని తెల్లన్నం విడిగా ఒక గిన్నె. కొరియా వాళ్ళు తమ మిరప ముద్ద డబ్బా తామే తెచ్చుకునేవారు. దాన్ని మన గోంగూర పచ్చడి పక్కన పెట్టాక ఆ బల్ల దగ్గర చర్చ సభలో కంటే జోరుగా సాగేది.

పొద్దున ఆరాధన రోజుకో దేశం. నైల్స్ 1963లో ఈస్ట్ ఏషియా కాన్ఫరెన్స్ తరఫున ఒక పాటల పుస్తకం తెచ్చారు, తర్వాత తైవాన్ సంగీతకారుడు ఐ-టో లో ఆసియా దేశాలు తిరిగి పాటలు సేకరించి, 1990లో సీసీఏ కోసం ఇంకా పెద్ద సంకలనం కూర్చారు. మన వంతు వచ్చినప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే, విదేశీయులకి పల్లవి ఒక్కటే నేర్పాలి. చరణాలు మనవాళ్ళు పాడి పల్లవికి అందరినీ కలుపుకోవాలి. మొత్తం నేర్పాలని కూర్చుంటే ఉపాహారం చల్లారిపోతుంది. హార్మోనియం ఉన్నా తాళం చేత్తో వేసి చూపిస్తేనే కుదురుతుంది, ఆది తాళం దాటి వెళ్ళకపోవడం మేలు.

ఆఖరి రోజు ప్రకటన. ‘మేము ధ్రువీకరిస్తున్నాం, మేము పిలుపునిస్తున్నాం’ అని సాగే ఆ రెండు పేజీలు చదివితే ఏ సభదో, ఏ ఊరిదో చెప్పలేం, అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. ఎందుకంటే వాటిని ఆఖరి రాత్రి, నిద్రమత్తులో, ఎవరికీ అభ్యంతరం లేని మాటలు ఏరి రాసేవాళ్ళు. తెలిసిన నిర్వాహకులు డ్రాఫ్టింగ్ కమిటీని రెండో రోజే కూర్చోబెట్టేవాళ్ళు. ఐదుగురికి మించనివ్వరు, అందులో ఒకరు రోజూ అభిప్రాయభేదాలు మాత్రమే రాసిపెట్టాలి. ఆ అభిప్రాయభేదాల చిట్టాలే ఇప్పుడు చదవడానికి విలువైనవి. ప్రకటనలు సరేసరి.

పొత్తు బాగా కుదిరిన చోటు, అలాగే బాగా బెసికిన చోటు, దళిత-మింజుంగ్ సంభాషణ. మింజుంగ్ అంటే కొరియా భాషలో అణగారిన జనం. 1979 అక్టోబర్‌లో సోల్‌లో మింజుంగ్ థియాలజీ మీద ఆసియా కన్సల్టేషన్ జరిగింది. దానికి ముందే, 1976లో, మ్యాంగ్‌డాంగ్ కేథడ్రల్ ప్రకటన మీద సంతకం పెట్టినందుకు ఆన్ బ్యుంగ్-మూ, సూ నామ్-డాంగ్ జైలుకెళ్ళారు. సభ ముగిసిన కొన్ని రోజులకే, అక్టోబర్ 26న, ప్రెసిడెంట్ పార్క్ చంగ్-హీ హత్య జరిగింది. ఆ పేపర్లు 1981లో సింగపూర్ నుంచి సీసీఏ పుస్తకంగా వచ్చాయి. చూశారా, ఈసారి మొదటి ముద్రణ న్యూయార్క్ నుంచి కాదు. అదే 1981లో యూటీసీలో, అక్కడి అధ్యాపకుడు అరవింద్ పి. నిర్మల్ అనే మరాఠీ ఆయన, శూద్ర దైవశాస్త్రం వైపు అంటూ ప్రసంగించారు. దళిత థియాలజీ కథ చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆయన తర్వాత మద్రాసులోని లూథరన్ సెమినరీ గురుకుల్‌కి వెళ్ళి ఆ పని కొనసాగించారు.

రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మొదట్లో పోలికలే కనిపించేవి. అణచివేత, అవమానం, గ్రామం, పాట. తర్వాత అసలు తేడా పైకి తేలేది. కొరియా మింజుంగ్‌కి హద్దులు కదులుతాయి. ఇవాళ్టి ఫ్యాక్టరీ కూలీ, రైతు, రాజకీయ ఖైదీ అందరూ అందులోకి వస్తారు, పరిస్థితి మారితే బయటికీ వెళ్ళగలరు. కులం పుట్టుకతో వస్తుంది, ఉద్యోగం వచ్చినా బాప్తిస్మం పొందినా వదలదు. సంఘంలోనే మాలపల్లి, మాదిగపల్లి వేరువేరు బెంచీలు చూసినవాడికి ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. ఈ తేడాని మొదటి రోజే బల్ల మీద పెట్టిన సభలు బాగా నడిచాయి. సౌహార్దం పేరుతో దాచిపెట్టినవి మూడో రోజుకి మర్యాద మాటలుగా మిగిలాయి.

కొరియా వాళ్ళు వట్టి సిద్ధాంతాలతో వచ్చేవారు కాదు. ముసుగు నాట్యం, పాన్సోరి పాట, కవి కిమ్ చి-హా. వాటిలోంచే థియాలజీ తీశారు. తెలుగువాళ్ళ దగ్గర సరంజామా అంతకు తక్కువేం లేదు. వినుకొండ జాషువా గారి గబ్బిలం ఉంది, గుడి చూరుకి వేలాడే గబ్బిలంతో ఒక పంచముడు శివుడికి చెప్పుకున్న మొర. చిందు భాగవతం ఉంది, డప్పు ఉంది. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఉదంతం ఉంది. దాని వెనక మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు, మాదిగ బోధకుడు యర్రగుంట్ల పేరయ్య పేరు ఎంతమందికి తెలుసు? ఇవన్నీ ఇంగ్లిష్ పేపర్లో ఒక ఫుట్‌నోటుకి మించి రాకపోవడానికి కారణం సిగ్గు కాదు. ఎంటీహెచ్ థీసిస్ లైబ్రరీలో దొరికే పుస్తకాల మీద రాయాలి, అవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, పల్లెలో పాడేది రికార్డు చేసి తేవడానికి సెలవూ లేదు, టేపురికార్డరూ లేదు. సి. ఎస్. సాంగ్ వంటి వాళ్ళు ప్రోత్సహించిన వర్క్‌షాపుల్లో, మీ ఊరి కథతో రండి, దాని మీదే రాద్దాం అనే పద్ధతి పెట్టాక కొంత మార్పొచ్చింది.

లైబ్రరీ సంగతి చెప్పకపోతే అన్యాయం. విదేశీ మారకం లేని రోజుల్లో పత్రికకి పత్రిక మార్పిడే దిక్కు. ఇక్కడి నుంచి బెంగళూరు థియలాజికల్ ఫోరం, రెలిజియన్ అండ్ సొసైటీ వెళ్తే, హాంకాంగ్ నుంచి చింగ్ ఫెంగ్, కొలంబో నుంచి డైలాగ్, మనిలా నుంచి ఈస్ట్ ఏషియన్ పాస్టరల్ రివ్యూ వచ్చేవి. ఒక్క డాలరు చేతులు మారదు. కవరు ఒక చివర తెరిచి పెట్టి బుక్‌పోస్టులో వేస్తే ఖర్చు తక్కువ, లోపల చిన్న చీటీ పెట్టినా పూర్తి రేటు పడుతుంది. రాని సంచిక గురించి వెంటనే రాయాలి, ఏడాది దాటాక అడిగితే వాళ్ళ దగ్గరా ఉండదు. మూడో సంచిక లేని సంపుటం బైండింగుకి వెళ్ళకుండా తాడు కట్టి ఉండిపోయేది, అలాంటి కట్టలు బీరువాల పైన చాలానే ఉండేవి.

కార్డు కేటలాగులో పేర్లు ఇంకో గొడవ. కొరియా, చైనా వాళ్ళకి ఇంటిపేరు ముందొస్తుంది, కాబట్టి ఆన్ బ్యుంగ్-మూని ‘ఆన్’ కింద పెట్టాలి. పడమటి పద్ధతి అలవాటైన గుమాస్తా ‘మూ’ కింద పెడతాడు. బర్మా వాళ్ళకి అసలు ఇంటిపేరే లేదు. నైల్స్ తర్వాత ఈస్ట్ ఏషియా కాన్ఫరెన్స్ కార్యదర్శి అయిన ఊ చో థాన్ పేరులో ‘ఊ’ అంటే గారు లాంటి గౌరవ పదం. ఆయన్ని ‘ఊ’ కింద పెడితే దేశంలోని పెద్దమనుషులంతా ఒకే డ్రాయర్లో పడతారు. మన చెంచయ్య గారికి కూడా చెంచయ్య కింద ఒకటి, పండిపెద్ది కింద ఒకటి, వట్టి ‘పి’ కింద ఇంకొకటి కార్డు రావచ్చు. ఒక కార్డు దగ్గర ఆగిన విద్యార్థికి ఆయన రాసింది అంతే అనిపిస్తుంది. ఒక పేరు నుంచి ఇంకో పేరుకి దారి చూపే అడ్డ కార్డులు రాయడానికి మధ్యాహ్నాలు కేటాయించిన లైబ్రరీ వాళ్ళు ఆసియా థియాలజీకి చేసిన మేలు ఏ ముందుమాటలోనూ లేదు.

మహిళల విషయంలో దారి వేరుగా నడిచింది. సభల్లో వాళ్ళకి ఎక్కువగా దక్కేది మినిట్స్ రాసే పని. కొరియా కవయిత్రి, పాస్టరు సన్ ఐ లీ పార్క్ 1982లో సింగపూర్ నుంచి ఇన్ గాడ్స్ ఇమేజ్ అనే పత్రిక మొదలుపెట్టారు. ఆసియా మహిళలు ఒకరినొకరు నేరుగా చదువుకోగలిగింది అందులోనే. మన ఆంధ్రా లూథరన్ సంఘానికి చెందిన మోనికా మెలాంక్‌తన్ గురుకుల్‌లో పాత నిబంధన చెప్పే రోజులకి ఆ బాట కొంత తెరుచుకుంది.

1987 డిసెంబర్ 30న సింగపూర్ ప్రభుత్వం సీసీఏని రద్దుచేసి సిబ్బందిని దేశం నుంచి పంపేసింది. రాజకీయాల్లో వేలు పెడుతున్నారని ఆరోపణ. రాజకీయ కోణం గురించి చాలామంది రాశారు. ఇలాంటి దెబ్బ తగిలితే ముందు తెగిపోయేది చిరునామాల జాబితా. ఎవరికి ఏ పత్రిక వెళ్తోంది, ఎవరి ఇల్లు మారింది, ఏ దేశానికి సంస్థ పేరు లేకుండా మామూలు కవర్లో పంపాలి, ఇదంతా ఒక ఆఫీసులోని కార్డుల పెట్టెలో ఉంటుంది. ఆఫీసు కొన్ని ఊళ్ళకి చీలిపోయి, హాంకాంగ్ చేరి, చాలా ఏళ్ళకి చియాంగ్ మైలో కుదురుకుంది. అప్పటి నుంచి తెలివైన సంస్థలు చిరునామాల నకలు ఇంకో దేశంలో ఒకటి పెట్టుకోవడం నేర్చుకున్నాయి.

1989లో దక్షిణాసియా దైవశాస్త్ర పరిశోధన సంస్థ, ఎస్ఏటీహెచ్ఆర్ఐ, బెంగళూరులో మొదలై, డాక్టరేట్ కోసం అందరూ విదేశాలకే పోనక్కర్లేకుండా చేసింది. 1997లో కొరియాలోని సువాన్‌లో ఆసియా థియాలజియన్ల కాంగ్రెస్ మొదటిసారి కూడింది, ప్రొటెస్టెంట్లు, కాథలిక్కులు ఒకే వేదిక మీద. రెండోది 1999లో మన బెంగళూరులోనే. అప్పటికి ఈమెయిలు వచ్చేసింది, స్టెన్సిల్ గదిలో జిరాక్స్ మిషన్ కూర్చుంది. పేపర్లు గడువుకి రాకపోవడం మాత్రం మారలేదు.

2002 నుంచి 2004 మధ్య జాన్ ఇంగ్లండ్, ఆయన తోటివాళ్ళు ఆసియా క్రైస్తవ దైవశాస్త్రాల మీద మూడు పెద్ద సంపుటాల పరిశోధన మార్గదర్శి తెచ్చారు. దక్షిణాసియా మొదటి సంపుటంలో ఉంది. ఏ దేశంలో ఎవరు ఏం రాశారో ఒకచోట దొరికే పుస్తకం అది. అలాంటి పని తెలుగుకి విడిగా జరగాలి. సంఘ పత్రికల్లో, కన్వెన్షన్ సావనీర్లలో, అయ్యగార్ల నోటు పుస్తకాల్లో ఉన్నది ఇంగ్లిష్ జాబితాలకి అందదు. దానికి ముడిసరుకు ఇళ్ళల్లో పెట్టెల్లో ఉంది.

మీ ఇంట్లో నాన్నగారివో తాతగారివో అలాంటి కట్టలుంటే ముందు తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. లాగితే కాగితం చిరుగుతుంది, వెనక వంగిన కాళ్ళని సన్నటి బల్లకత్తితో నిలబెట్టి తీయాలి. సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. కవరు మీద పెన్సిల్‌తో ఏ సభ, ఏ సంవత్సరం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాయండి. మార్జిన్లో చేతిరాత ఉంటే ఆ పేజీ తప్పకుండా ఉంచండి, అచ్చులో లేనిది అక్కడే ఉంటుంది. స్కాన్ చేస్తే 300 డీపీఐ చాలు, రంగుల్లో చేయండి, పెన్సిల్ గీతలు నలుపు-తెలుపులో కనబడవు. అసలు కాగితాలు యూటీసీ ఆర్కైవ్స్ లాంటి చోట ఇవ్వదలిస్తే కట్ట విప్పి వరస మార్చకుండా, ఉన్నదున్నట్టు ఇవ్వండి. స్టెన్సిల్ ఇంకు నల్లది, నూనె కలిసింది, అది ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది, కాగితమే గోధుమ రంగుకి తిరిగి పెళుసవుతుంది. ఊదా రంగు అక్షరాలతో ఉన్న స్పిరిట్ డూప్లికేటర్ కాపీలు దీనికి వ్యతిరేకం, వెలుతురు తగిలితే అక్షరాలే మాయమవుతాయి. స్కానింగ్ వాటితో మొదలుపెట్టండి.